1453లో టర్కులు దారి మూసేయడం వల్లే యూరప్ వాళ్ళు సముద్రం మీదుగా ఇండియాకు వచ్చారా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. జూనియర్ లెక్చరర్ పరీక్షకు చదువుతున్నారు. యూరప్ చరిత్రలో ముఖ్యమైన మలుపులంటూ రాసుకున్న నోట్సులో మొదట 1453 ఉంది. ఒట్టోమన్ టర్కులు బైజాంటైన్ (తూర్పు రోమన్) సామ్రాజ్య రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌ను (నేటి ఇస్తాంబుల్) పట్టుకుని తూర్పు దేశాల వ్యాపార మార్గాన్ని మూసేశారనీ, అందుకే పోర్చుగీసులు సముద్ర మార్గం వెతికారనీ, గ్రీకు పండితులు ఇటలీకి పారిపోవడంతో సాంస్కృతిక పునరుజ్జీవనం మొదలైందనీ అందులో రాసి ఉంది. ఇదంతా తప్పని మీ స్నేహితుడు అంటున్నారు. అసలు 1453ను మలుపు అనవచ్చా, అంటే జవాబులో ఏం రాయాలి?

సూటిగా చెప్పాలంటే: 1453 నిజంగానే పెద్ద మలుపు. పుస్తకం చెప్పే ఆ రెండు కారణాలే నిలబడవు. టర్కులు మిరియాల దారి మూయలేదు, మూయడానికి 1453లో అది వాళ్ళ చేతుల్లోనే లేదు. పునరుజ్జీవనం అప్పటికే వందేళ్ళ నాటిది. ఆ సంవత్సరపు ప్రభావం వేరే మార్గాల్లో పారింది: ఫిరంగులు, కోటలు, పటిక వ్యాపారం, అచ్చు యంత్రం, జర్మనీలో లూథర్ మతోద్యమం నిలదొక్కుకోవడం, రష్యా రాజకీయం. ముందు దారి సంగతి తేల్చుకుందాం. నేను దిద్దే జవాబు పత్రాల్లో ఎక్కువగా మార్కులు పోయేది అక్కడే.

మిరియాలు ఏ దారిన వెళ్ళేవి?

కాలికట్‌లో ఓడకెక్కిన మిరియాలు అరేబియా సముద్రం దాటి ఏడెన్ చేరేవి. అక్కడి నుంచి ఎర్ర సముద్రంలో జిడ్డాకు, తర్వాత సీనాయ్ తీరంలోని తూర్ రేవుకో సూయెజ్‌కో చేరి, ఒంటెల మీద కైరోకు, నైలు నది మీదుగా అలెగ్జాండ్రియాకు వెళ్ళేవి. వెనిస్ ప్రభుత్వం ఏటా పంపే గ్యాలీ ఓడలు అక్కడే వాటిని కొని ఎక్కించుకునేవి. రెండో దారి హొర్ముజ్, బస్రాల మీదుగా సిరియాకు. దాని చివరి రేవు బేరూత్. మ్యాప్ ముందు పెట్టుకుని ఈ ఊళ్ళను ఒకదాని తర్వాత ఒకటి గుర్తిస్తూ వెళ్ళండి. కాన్‌స్టాంటినోపుల్ ఈ రెండు దారుల్లో దేనిమీదా లేదు. అది ఉత్తరాన, నల్ల సముద్రం ముఖద్వారం దగ్గర ఉంది.

ఈజిప్టు, సిరియాలను 1453లో ఏలుతున్నది మామ్లూకు సుల్తానులు. ఒట్టోమన్లతో వాళ్ళకు పోటీయే తప్ప స్నేహం లేదు. మిరియాల మీద గుత్తాధిపత్యం ప్రకటించి ధర పెంచింది కూడా మామ్లూకు సుల్తాను బార్స్‌బే, అదీ 1420లలో. వెనిస్ వర్తకులు ఫిర్యాదులు చేసింది కైరో దర్బారుకే.

ఈజిప్టు, సిరియాలు ఒట్టోమన్ల చేతికి ఎప్పుడొచ్చాయి? సుల్తాన్ సెలీం 1516 ఆగస్టులో మర్జ్ దాబిక్ దగ్గర మామ్లూకులను ఓడించి సిరియాను, 1517 జనవరిలో రిదానియా దగ్గర ఓడించి కైరోను తీసుకున్నాడు. వాస్కో డ గామా కాలికట్ దగ్గర లంగరు వేసింది 1498 మే 20న. అంటే పోర్చుగీసులు మలబారు చేరిన దాదాపు 19 ఏళ్ళకు గానీ అలెగ్జాండ్రియా రేవు టర్కుల పాలనలోకి రాలేదు. ఫలితం ముందొచ్చి కారణం తర్వాత రావడం కుదరదు కదా. చరిత్రకారులు ఈ సంగతిని 1915 నుంచే వివరంగా చూపిస్తున్నారు, అయినా పాఠ్యపుస్తకాలు పాత మాటనే పట్టుకున్నాయి. 1453 తర్వాతి 40 ఏళ్ళలో యూరప్‌లో మిరియాల ధర ఎగబాకిన దాఖలాలు కూడా లేవు. ధరలు గందరగోళమైంది 1499 తర్వాత, పోర్చుగీసు ఓడలు వచ్చి పాత వ్యాపారాన్ని కదిలించాక.

పోర్చుగీసుల వైపు నుంచి తేదీలు చూడండి. సియూటాను పట్టుకున్నది 1415లో. మదీరాలో కాలు పెట్టింది 1419-20 ప్రాంతంలో. నావికులు భయపడే బొజదోర్ అగ్రాన్ని గిల్ యానెష్ దాటింది 1434లో. పశ్చిమాఫ్రికా నుంచి పట్టి తెచ్చిన బానిసలను లాగోష్ రేవులో దించి పంచుకున్నది 1444లో. కాన్‌స్టాంటినోపుల్ పడకముందే ఇంత జరిగింది. వాళ్ళు మొదట వెతికింది మిరియాలు కాదు, సహారా ఎడారి దాటి ఉత్తరాఫ్రికాకు వచ్చే బంగారం మూలాన్ని. తీరం వెంట దిగుతూ దిగుతూ 1488లో బార్తలోమ్యూ డయాజ్ ఆఫ్రికా కొనను చుట్టాక గానీ ఇండియా అందుబాటులోకి రాలేదు.

మరి టర్కులు 1453లో వ్యాపారులను ఏం చేశారు? నగరం పడిన మూడో రోజే, జూన్ 1న, ఎదురుగా గలాటాలో ఉన్న జెనోవా వర్తకులకు సుల్తాన్ మెహ్మద్ అభయపత్రం ఇచ్చాడు. వ్యాపారం చేసుకోవచ్చు, ప్రాణానికీ ఆస్తికీ భయం లేదు అని. వెనిస్‌తో 1454 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది, సుంకం 2 శాతం. తర్వాత 1463 నుంచి 1479 దాకా వెనిస్‌తో యుద్ధం జరిగిన మాట నిజం. అది ముగిశాక కూడా, ఏటా 10,000 డుకాట్లు (బంగారు నాణేలు) కట్టే షరతు మీద వెనిస్‌కు వ్యాపార హక్కు తిరిగి దక్కింది. ఖజానా నిండేది సుంకంతో. కొత్త రాజధానిని కట్టుకుంటున్న రాజు సుంకం తెచ్చే దారిని మూసుకోడు.

అసలు దారి మూయాలని చూసింది పోర్చుగీసులు. ఎర్ర సముద్రం మూతి దగ్గరి సొకోత్రాను 1507లో పట్టుకున్నారు. ఏడెన్ మీద 1513లో పోర్చుగీసు సేనాని అల్బుకర్క్ దాడి చేసి విఫలమయ్యాడు. హొర్ముజ్‌ను 1515లో గట్టిగా చేజిక్కించుకున్నారు. అనుమతి పత్రం లేని ఓడ కనిపిస్తే దోచుకోవడం, ముంచడం. ఎర్ర సముద్రం దారిని తెరిచి ఉంచాలని పోరాడింది ఒట్టోమన్లే. 1538లో ఒట్టోమన్ సేనాని హాదిం సులేమాన్ పాషా సూయెజ్ నుంచి పెద్ద నౌకాదళంతో గుజరాత్ తీరంలోని డయ్యూ దాకా వచ్చింది ఇందుకే. డయ్యూ కోటను గెలవలేకపోయాడు. అయినా 16వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి అలెగ్జాండ్రియా మీదుగా వెనిస్ చేరే మిరియాలు మళ్ళీ పాత స్థాయికి వచ్చాయి. ఆ దారి నిజంగా ఎండిపోయింది 17వ శతాబ్దంలో, 1602లో ఏర్పడిన డచ్ ఈస్టిండియా కంపెనీ, దాని వెంట ఇంగ్లిషు కంపెనీ రంగంలో బలపడ్డాక.

దారి తెరిచే ఉందనడానికి గామా యాత్ర దినచర్యే సాక్ష్యం. కాలికట్ చేరాక గామా ముందుగా ఒక మనిషిని ఒడ్డుకు పంపాడు. అక్కడ అతనికి ఎదురైనది ట్యూనిస్ నుంచి వచ్చిన ఇద్దరు ముస్లిం వర్తకులు. స్పెయిన్ భాషా, జెనోవా భాషా తెలిసినవాళ్ళు. నిన్ను దయ్యమెత్తుకుపోనూ, ఇక్కడికెలా వచ్చావని అడిగారు. క్రైస్తవుల కోసం, సుగంధ ద్రవ్యాల కోసం వచ్చామని ఇతను చెప్పాడు. మధ్యధరా వర్తకులు పాత దారినే హాయిగా మలబారు దాకా వచ్చిపోతున్న రోజులవి. కాలికట్‌ను ఏలే సామూద్రి రాజుకు గామా సిద్ధం చేసిన కానుకలేమిటో కూడా చూడండి: 12 చారల గుడ్డ ముక్కలు, 4 ఎర్రటి తలగుడ్డలు, 6 టోపీలు, 4 పగడాల దండలు, చేతులు కడుక్కునే గిన్నెలు 6, ఒక పెట్టె పంచదార, రెండేసి పీపాల నూనె, తేనె. రాజోద్యోగులు వాటిని చూసి నవ్వారు, మక్కా నుంచి వచ్చే మామూలు వర్తకుడు కూడా ఇంతకన్నా ఎక్కువ ఇస్తాడన్నారు. ఆ బజారులో యూరప్ సరుకుకు ఎంత విలువుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

పుస్తకం మాటలో కొంత నిజం ఉంది, దాన్ని వదలకండి. నల్ల సముద్రం మాత్రం నిజంగా మూతపడింది. 1452లోనే మెహ్మద్ బాస్ఫరస్ జలసంధి ఒడ్డున రుమేలీ హిసారీ కోట కట్టి, వచ్చిపోయే ఓడలను ఆపడం మొదలుపెట్టాడు. 1475లో క్రిమియాలోని కఫా పట్టణాన్ని జెనోవా నుంచి లాక్కున్నాడు. అక్కడి ధాన్యం, చేపలు, బానిసల వ్యాపారం ఇటాలియన్ల చేయి జారింది. జెనోవా పెట్టుబడి పడమటికి, లిస్బన్, సెవిల్, మదీరా చెరకు తోటల వైపు జరగడం అంతకు ముందే మొదలైంది, ఇప్పుడు జోరందుకుంది. కొలంబస్ జెనోవా మనిషి కావడాన్ని ఇక్కడికి ముడిపెట్టవచ్చు. కాకపోతే దాన్ని పరోక్ష ప్రభావం అని రాయండి. “1453 వల్ల 1492” అని ఒక్క గీత గీయకండి.

పునరుజ్జీవనం మాట

దీనికి నాలుగు తేదీలు చాలు. పునరుజ్జీవనానికి ఆద్యుడనిపించుకున్న ఇటలీ కవి పెట్రార్క్ చనిపోయింది 1374లో. కాన్‌స్టాంటినోపుల్ నుంచి వచ్చిన మాన్యుయెల్ క్రిసోలోరస్ ఫ్లోరెన్స్‌లో గ్రీకు పాఠాలు మొదలుపెట్టింది 1397లో. జొవాన్ని ఔరిస్పా అనే సేకర్త 238 గ్రీకు రాతప్రతులను ఇటలీకి తెచ్చింది 1423లో. బ్రూనెలెస్కి ఫ్లోరెన్స్ గుమ్మటం పూర్తయింది 1436లో. పండితులు పారిపోయి వచ్చి వెలిగించాల్సిన దీపం ఏదీ మిగల్లేదు. 1453 చేసిన మేలు వేరు: ఇక దొరకవన్న భయంతో గ్రీకు గ్రంథాలను వెతికి పోగుచేయడం పెరిగింది. గ్రీకు సంతతి కార్డినల్ బెస్సారియన్ అలా చేర్చిన సంచయాన్ని 1468లో వెనిస్‌కు రాసిచ్చాడు. శతాబ్దం చివర్లో ఆల్డస్ మనూషియస్ ముద్రణాలయం అదే వెనిస్‌లో గ్రీకు గ్రంథాలను వరసగా అచ్చువేసింది.

ఇక అసలు ప్రభావాలు.

ఫిరంగులు, గోడలు. కాన్‌స్టాంటినోపుల్ భూమి వైపు గోడలు 5వ శతాబ్దం నాటివి. దాదాపు 6 కిలోమీటర్ల పొడవు. ముందు 18-20 మీటర్ల వెడల్పు కందకం, తర్వాత బయటి గోడ, దాని వెనక సుమారు 12 మీటర్ల ఎత్తున లోపలి గోడ. వెయ్యేళ్ళ పాటు ఏ సైన్యమూ ఈ గోడలను బద్దలుకొట్టి లోపలికి రాలేదు. 1204లో క్రూసేడర్లు చొరబడింది కూడా సముద్రం వైపు గోడ మీదుగానే.

ఉర్బాన్ అనే హంగరీ ఫిరంగుల నిపుణుడు మొదట బైజాంటైన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ దగ్గరికే వెళ్ళాడు. జీతం ఇవ్వడానికి ఖజానాలో డబ్బు లేదు. అతను మెహ్మద్ కొలువులో చేరి ఎదిర్నెలో సుమారు 8 మీటర్ల ఫిరంగి పోతపోశాడు. 60 ఎద్దులతో దాన్ని లాగించుకురావడానికే దాదాపు రెండు నెలలు పట్టింది. అర టన్నుకు పైగా బరువున్న రాతి గుండు విసిరేది. కాల్చాక చల్లారి, శుభ్రం చేసి, మళ్ళీ కూర్చి గురిపెట్టేసరికి గంటలు గడిచేవి కాబట్టి రోజుకు ఏడు సార్లు మించి పేలేది కాదు. గోడను రోజంతా అరగదీసింది దాని పక్కన ఉన్న చిన్న ఫిరంగులే. విద్యార్థులు పెద్ద ఫిరంగి గురించి మాత్రమే రాసి ఇది వదిలేస్తుంటారు.

ఇందులో గమనించాల్సిన చిన్న సంగతి ఒకటుంది. లైకస్ వాగు పల్లంలో గోడ కూలిన చోట, లోపలివాళ్ళు రాత్రిపూట కొయ్య దుంగలు, మట్టి నింపిన పీపాలు, కొమ్మలు, రాళ్ళు పేర్చి దడి కట్టేవారు. కొట్టిన గుండు రాతిని పగలగొడుతుంది, మట్టిలో మాత్రం దిగబడి ఆగిపోతుంది. జెనోవా సేనాని జుస్తినియాని 700 మందితో కాపాడింది ఈ మట్టి దడినే. నగరంలో మొత్తం ఆయుధం పట్టినవాళ్ళు సుమారు 7,000 మంది. ఏప్రిల్ 6న మొదలైన ముట్టడి మే 29 దాకా సాగిందంటే ఆ దడి పనితనమూ ఒక కారణం. జుస్తినియాని గాయపడి వెనక్కి తగ్గగానే వరస చెదిరింది.

అదే ఏడాది జూలై 17న ఫ్రాన్స్‌లో కస్తియోన్ దగ్గర ఫ్రెంచి ఫిరంగులు ఇంగ్లిషు సైన్యాన్ని చిత్తుచేశాయి, నూరేళ్ళ యుద్ధం అక్కడితో ముగిసింది. 1494లో ఫ్రాన్సు రాజు ఎనిమిదో ఛార్లెస్ చక్రాల మీద నడిచే కంచు ఫిరంగులతో ఇటలీలో దిగాడు. ఎత్తయిన సన్నని రాతిగోడ పనికిరాదని అందరికీ అర్థమైంది. తర్వాతి కోట పొట్టిగా, వెడల్పుగా, మట్టి నింపిన గోడలతో, మూలమూలకూ బాణం మొనలాంటి బురుజులతో వచ్చింది. ఒక బురుజు గోడ మీదికి వచ్చినవాణ్ణి పక్క బురుజు నుంచి కాల్చాలి, గుడ్డి మూల మిగలకూడదు, అదే దాని లెక్క. అలాంటి కోటకు అయ్యే ఖర్చు చిన్న రాజ్యాలను తినేసింది. ఇటలీలో సియెనా నగరం ఈ కోటలు కట్టడానికే నిధులు పోసి, కట్టి ముగించలేక, సైన్యానికి డబ్బు మిగలక 1555లో లొంగిపోయింది. పన్నులు గట్టిగా వసూలు చేయగలిగిన, అప్పు పుట్టించగలిగిన రాజ్యాలే నిలిచాయి. యూరప్‌లో కేంద్రీకృత రాజ్యం పెరగడానికి పాఠ్యపుస్తకాలు ఇచ్చే కారణాల్లో నాకు అన్నిటికన్నా గట్టిగా కనిపించేది ఇదే.

ఆ విద్య మన దగ్గరికీ వచ్చింది. 1526లో పానిపట్టు దగ్గర బాబరు బండ్లను ఒకదానికొకటి కట్టి వాటి మధ్య తుపాకులు పెట్టించింది ఒట్టోమన్ల పద్ధతిలోనే. ఇప్పుడు బీజాపూర్‌లో ఉన్న మాలిక్-ఎ-మైదాన్ ఫిరంగిని 1549లో అహ్మద్‌నగర్‌లో పోతపోసిందీ టర్కీ నుంచి వచ్చిన నిపుణుడే.

పటిక. ఇది పాఠ్యపుస్తకాల్లో అసలు కనిపించదు, నాకు మాత్రం చాలా ముఖ్యం. ఉన్ని బట్టకు వేసిన రంగు ఉతికినా పోకుండా పట్టి ఉండాలంటే ముందు పటిక నీళ్ళలో నానబెట్టాలి. తోళ్ళు పదును చేయడానికీ అదే కావాలి. ఫ్లోరెన్స్, ఫ్లాండర్స్ బట్టల పరిశ్రమ మొత్తం దీనిమీద ఆధారపడింది. మంచి పటిక దొరికేది ఆసియా మైనర్ తీరంలోని ఫోకేయా గనుల్లో. జెనోవా వాళ్ళు 13వ శతాబ్దం నుంచి వాటిని నడిపారు. 1455లో ఒట్టోమన్లు వాటిని తీసుకున్నారు. యూరప్‌కు నిజంగా దెబ్బ తగిలిన సరుకు ఇదీ.

జొవాన్ని ద కాస్త్రో అనే వ్యాపారి కాన్‌స్టాంటినోపుల్‌లో బట్టల రంగుల పని చేసేవాడు. నగరం పడ్డాక ఆస్తి పోగొట్టుకుని ఇటలీ చేరాడు. 1461లో రోముకు వాయవ్యంగా తోల్ఫా కొండల్లో తిరుగుతూ, ఆసియాలో పటిక గనుల దగ్గర చూసిన చెట్టు జాతే ఇక్కడా పెరగడం గమనించాడు. పక్కనే తెల్లని రాళ్ళు. నోట్లో పెట్టుకుంటే ఉప్పగా ఉంది. కాల్చి చూస్తే పటిక. ఆ గనులు పోప్ భూముల్లో ఉన్నాయి. పోప్ టర్కుల పటిక కొనడం పాపమన్నాడు, కొన్నవారిని మతం నుంచి వెలివేస్తామన్నాడు, తన గనుల రాబడిని క్రూసేడ్ నిధికి కేటాయించాడు. 1466లో ఫ్లోరెన్స్ బ్యాంకర్లైన మెడిచీ కుటుంబం ఆ గనుల వ్యాపారాన్ని కౌలుకు తీసుకుంది. దారి నిజంగా మూతపడితే యూరప్ ఎలా స్పందిస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు: ఆరేళ్ళలో ఇంటి దగ్గరే ప్రత్యామ్నాయం దొరికింది. మిరియాలకు అలాంటి తొందర ఎక్కడా కనిపించదు.

అచ్చు యంత్రం, లూథర్. గూటెన్‌బర్గ్ మైన్జ్ పట్టణంలో బైబిలు అచ్చు పనిలో ఉండగానే, 1454లో, అక్కడ పాపపరిహార పత్రాలు (డబ్బిస్తే పాపశిక్ష తగ్గుతుందంటూ చర్చి ఇచ్చేవి) అచ్చయ్యాయి. టర్కుల నుంచి సైప్రస్‌ను కాపాడటానికి డబ్బు పోగుచేసే పత్రాలవి. పోప్ అనుమతి 1453కు ముందుదే గానీ, నగరం పడ్డాక ఆ భయానికి కొత్త బలం వచ్చింది. పేరు, తేదీ రాసుకోవడానికి ఖాళీలు వదిలిన ఫారాలు. చేత్తో వేలకొద్దీ రాయలేనివి, యంత్రానికి సరిగ్గా సరిపోయే పని. తేదీతో మిగిలిన తొలి యూరప్ ముద్రణల్లో ఇవి ఉన్నాయి. 1454 చివర్లో, టర్కుల మీదికి లేవండని పోప్‌ను, రాజులను నెలకొకరి చొప్పున పిలుస్తూ 1455 సంవత్సరానికి ఒక చిన్న క్యాలెండరు కూడా అచ్చయింది. యుద్ధ ప్రచారం, విరాళాల సేకరణ, ముద్రణ అప్పుడే కలిసిపోయాయి. సరిగ్గా 63 ఏళ్ళ తర్వాత, 1517లో, లూథర్ తిరగబడింది ఆ పాపపరిహార పత్రాల అమ్మకం మీదే. అతని మాటను ఊరూరా మోసిందీ అచ్చు యంత్రమే.

లూథర్ బతికి బట్టకట్టడంలో టర్కుల పాత్ర ఇంకా సూటిగా ఉంది. ఇక్కడ యంత్రాంగం అర్థం చేసుకోండి. జర్మనీని ఏలే పవిత్ర రోమన్ చక్రవర్తి ఐదో ఛార్లెస్‌కు టర్కులతో యుద్ధానికి డబ్బు, సైన్యం కావాలి. ఆ పన్నుకు జర్మన్ రాజుల సభ ఒప్పుకోవాలి. ఒప్పుకోవాలంటే వాళ్ళలో లూథర్ వైపున్నవారిని ఊరడించాలి. బెల్‌గ్రేడ్ 1521లో పడింది. 1526 ఆగస్టులో స్పేయర్ సభ మత విషయం ఎవరి రాజ్యంలో వారి నిర్ణయానికి వదిలేసిన రెండు రోజులకే మొహాచ్ దగ్గర హంగరీ సైన్యం తుడిచిపెట్టుకుపోయింది. 1529లో ఒట్టోమన్ సుల్తాన్ సులేమాన్ వియన్నా గోడల దాకా వచ్చాడు. 1532లో మళ్ళీ దండెత్తి వస్తుంటే, న్యూరెంబర్గ్‌లో ప్రొటెస్టంట్లకు (లూథర్ వైపువారికి) తాత్కాలికంగా మత శాంతి ఇచ్చి చక్రవర్తి వాళ్ళ సైన్యం తెచ్చుకున్నాడు. ప్రొటెస్టంట్ల మీద అతను ఆయుధం ఎత్తగలిగింది 1546లో. అప్పటికి పాతికేళ్ళు గడిచి, కొత్త మతం రాజ్యాల చట్టాల్లో, బళ్ళలో, చర్చి ఆస్తుల పంపకాల్లో వేళ్ళూనింది. 1555 ఆగ్స్‌బర్గ్ ఒప్పందం ఆ వాస్తవాన్ని ఒప్పుకోవడమే.

దీనికి 1453తో సంబంధమేమిటని మీరు అడగవచ్చు. ఒట్టోమన్లు వందేళ్ళ ముందే బాల్కన్ ప్రాంతంలో ఉన్నారు కదా. నిజమే, గల్లిపోలి వాళ్ళకు దక్కింది 1354లో. కానీ వాళ్ళ రాజ్యం రెండు ఖండాల్లో రెండు ముక్కలుగా ఉండి, నడుమ జలసంధి మీద శత్రు నగరం ఉండేది. 1444 వర్నా యుద్ధంలో క్రైస్తవ నౌకాదళం ఆ జలసంధిని అడ్డుకుని సుల్తాన్ మురాద్ సైన్యం యూరప్ వైపుకు దాటకుండా ఆపాలని చూసింది. 1453 తర్వాత అలాంటి ప్రయత్నానికే చోటు లేదు. సైన్యం, ఓడరేవు, ఆయుధశాల, ఖజానా ఒకే చోట కుదిరాయి. దాదాపు 50,000 మందికి దిగజారిన ఊరికి మెహ్మద్ నలుమూలల నుంచి జనాన్ని తరలించి నింపాడు. 1477 లెక్కల నాటికి గలాటాతో కలిపి సుమారు 16,000 కుటుంబాలు. వియన్నా దాకా నడిచిన బలం అక్కడ పోగైంది.

రష్యా గురించి కొద్దిగా చెప్పి ఆపుతాను. చివరి బైజాంటైన్ చక్రవర్తి తమ్ముడి కూతురు సోఫియాను మాస్కో రాజు మూడో ఇవాన్ 1472లో పెళ్ళి చేసుకున్నాడు. 1497 నాటి రాజముద్ర మీద రెండు తలల గద్ద కనిపిస్తుంది. మాస్కోయే మూడో రోమ్ అన్న మాట 16వ శతాబ్దం మొదట్లో ఫిలోఫేయ్ అనే సన్యాసి రాతల్లో వచ్చింది. మతపరమైన ఆ హక్కు భావనకు తర్వాత జలసంధుల అవసరం తోడైంది. 1774 కుచుక్ కైనార్జీ సంధి, 1853-56 క్రిమియా యుద్ధం, 1915లో బ్రిటన్, ఫ్రాన్సులు కాన్‌స్టాంటినోపుల్‌ను రష్యాకు ఇస్తామని రహస్యంగా ఒప్పుకోవడం, అన్నీ ఆ వరసలోవే. 1936 మాంత్రో ఒప్పందం ప్రకారం జలసంధుల తాళం టర్కీ చేతిలో ఉంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలవగానే యుద్ధనౌకలకు ఆ దారిని మూసింది ఈ ఒప్పందాన్ని ఆధారం చేసుకునే.

పరీక్షలో ఏం రాయాలి? బహుళైచ్ఛిక ప్రశ్నలో “సముద్ర మార్గాల అన్వేషణకు తక్షణ కారణం” అని అడిగి ఆప్షన్లలో 1453 ఉంటే దాన్నే గుర్తించండి. కీ తయారు చేసేవారు పాఠ్యపుస్తకం చూసే చేస్తారు, అక్కడ వాదనకు చోటు లేదు. వ్యాసరూప ప్రశ్నలో మాత్రం ఖరాఖండీగా సరైనదే రాయండి. “1453 తూర్పు వ్యాపారాన్ని ఆపలేదు, నల్ల సముద్రం నుంచి ఇటాలియన్లను తప్పించింది, ఒట్టోమన్ రాజ్యాన్ని ఒక్కటి చేసింది” అని మొదటి పేరాలోనే తేల్చేసి, తర్వాత ఒక్కో ప్రభావానికి ఒక తేదీ, ఒక ఊరు, ఒక యంత్రాంగం ఇవ్వండి. ఏ ఘటననైనా మలుపు అనేముందు మూడు చూసుకోండి: ఆ మార్పు అంతకు ముందే మొదలైందా, ఆ సమయానికి ఆ చోటు ఎవరి చేతిలో ఉంది, ఎవరు ఎవరికి డబ్బో సైన్యమో ఇస్తే ఆ ప్రభావం ముందుకు సాగింది. 1789కి, 1914కి కూడా ఇవే పనికొస్తాయి. మధ్యయుగం 1453లో ముగిసిందని రాసేటప్పుడు అది చరిత్రకారులు సౌకర్యం కోసం పెట్టుకున్న గీత అనీ, కొందరు 1492నో 1517నో తీసుకుంటారనీ ఒక వాక్యం చేర్చండి.

మ్యాప్ వేస్తే మార్కులు కచ్చితంగా పెరుగుతాయి. కాలికట్, ఏడెన్, జిడ్డా, కైరో, అలెగ్జాండ్రియా, వెనిస్‌లను ఒక గీతతో కలపండి. కఫా, కాన్‌స్టాంటినోపుల్, జెనోవాలను ఇంకో రంగు గీతతో కలిపి, పక్కన 1475 అని రాయండి. ఈజిప్టు మీద “1517 వరకు మామ్లూకులు” అని తప్పకుండా రాయండి.